మట్టి రంగుల డబ్బా

ఆ వేసవిలో మా ఇంటి దిగులంతా అరచేతిలో పట్టే ఒక డబ్బా చుట్టూ తిరిగింది. కొనాలా, వద్దా. ఇంతే సంగతి. వినేవాళ్లకు నవ్వులాటగా ఉంటుంది. మాకు మాత్రం ముద్ద దిగలేదు.

మా అమ్మాయి బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టేది. దూది నుసి రొమ్ములోకి పోయి చలికాలమంతా దగ్గింది. దగ్గు తగ్గాక ఇక అక్కడికి పోనంది. ముఖాలు దిద్దటం మీద దానికి చిన్నప్పటి నుంచీ చెయ్యి తిరుగుతుంది. వీధిలో ఎవరింట పెళ్లయినా పిల్ల ముఖం దీనికే అప్పజెప్పేవాళ్లు. ఆ పనే ఇంటి ముందుగదిలో పెట్టుకుంటానంది. ఫ్యాక్టరీ సూపర్‌వైజరు మంచివాడో, లేక దీని కుట్టు మంచిదో, వానలు పడేదాకా నీ మిషను ఎవరికీ ఇవ్వను, ఈలోపు చూసుకో అన్నాడు. అంటే దానికి ఉన్నది ఒక్క వేసవి. ఆ లోపల ముందుగది నిలబడితే నిలబడినట్టు, లేకపోతే మళ్లీ ఆ నుసిలోకి.

నేను గోడలకు రంగులు వేసేవాణ్ని. మోకాళ్లు నిచ్చెన మాట వినటం మానేశాక నేనూ పని మానేశాను. అయినా ఇంట్లో రంగు మీద మాట నాదే. ఎవరూ పెట్టిన చట్టం కాదు, అలా జరిగిపోయింది. మా ఆవిడ నోటికి వీధిలో అడ్డు లేదు. ఎండ మీద, ధరల మీద, పక్కింటివాళ్ల పిల్లి మీద ఆమెకు ఒక మాట ఉంటుంది. రంగు దగ్గరకు వచ్చేసరికి మాత్రం, మీ నాన్నను అడగవే అని తప్పుకుంటుంది. ఇంకొకటి కూడా ఉంది మా ఇంట్లో. గోడ తడిగా ఉన్నంతసేపు ఎవరూ నోరు విప్పకూడదు. తడి రంగు ఒకటి, ఆరిన రంగు ఒకటి. ఆరాక పొద్దున చూడాలి, మధ్యాహ్నం చూడాలి, దీపం వేసి చూడాలి, అప్పుడు మాట్లాడాలి. అమ్మాయి ఈ సంగతి బడికి పోకముందే నేర్చుకుంది.

ముందుగదికి రంగు నేనే వేస్తానన్నాను. మీగడ రంగు వేద్దామనుకున్నాను. దాని ముందు ఏ ముఖమైనా మెత్తగా కనిపిస్తుంది. తెల్ల రంగు డబ్బా తెరిచి, అందులో కలిపే పసుపు స్టెయినరు సీసా పక్కన పెట్టుకుని, కొంచెం కొంచెంగా వంచుతూ కర్రతో కలపటం మొదలుపెట్టాను.

ఎంత వంచినా తెలుపు తెలుపుగానే ఉంది. ఈ మధ్య సరుకులో సత్తా లేదని తిట్టుకున్నాను. మళ్లీ వంచాను. తిప్పీ తిప్పీ జబ్బ పట్టేసింది. సీసా సగానికి దిగాక అప్పుడు నా కంటికి మీగడ ఆనింది. గోడ కింది సగం కూర్చుని వేశాను, పై సగం కుంచెకు పొడుగు కర్ర కట్టి వేశాను.

అమ్మాయి గుమ్మంలో నిలబడి చూసింది. చాలాసేపు చూసింది.

"ఆరితే తగ్గుతుందా నాన్నా?"

"ఆరనీ" అన్నాను.

మా ఆవిడ తడిబట్టల బకెట్టుతో అటు వచ్చి, గోడ చూసి, ఏదో అనబోయి, ఇంకా తడి కదా అని గుర్తొచ్చినట్టు మూతి బిగించుకుని వెళ్లిపోయింది. గోడ ఆరింది. పొద్దున చూశాను, మధ్యాహ్నం చూశాను, దీపం వేసి చూశాను. బాగుందన్నాను. నేను బాగుందన్నాక ఇక ఆ ఇంట్లో ఎవరంటారు.

అమ్మాయి పెద్ద అద్దం తెచ్చి గోడకు ఎదురుగా పెట్టింది. తిరిగే కుర్చీ ఒకటి ఎక్కడో పాతది పట్టింది. వీధి పిల్లలు మొదట వచ్చారు, ఆ తర్వాత పక్క వీధివాళ్లు వచ్చారు. వచ్చినవాళ్లు కూర్చునేటప్పుడు నవ్వుతూ కూర్చునేవాళ్లు, పని అయ్యాక అద్దంలో చూసుకుని ఆగిపోయేవాళ్లు. బాగాలేదని ఎవరూ అనలేదు. జ్వరం నుంచి లేచినట్టున్నానేంటక్కా, రాత్రి నిద్ర లేదులే, అని తమ మీదే వేసుకుని వెళ్లిపోయేవాళ్లు. మళ్లీ వచ్చేవాళ్లు మాత్రం కాదు.

నేను అరుగు మీద కూర్చునే మనిషిని. లోపలికి వెళ్లే ముఖాలూ బయటికి వచ్చే ముఖాలూ నాకు తెలుస్తూనే ఉండేవి. అమ్మాయి గొంతు సవరించుకోవటం కూడా వినపడేది. దానికి దిగులు పుడితే గొంతు సవరించుకుంటుంది. అది దగ్గో, సవరింపో తెలియక ప్రతిసారీ తలుపు వైపు చెవి పెట్టేవాణ్ని.

తప్పు తన పొడుల్లో ఉందని అది తేల్చుకుంది. దాని దగ్గరున్న కంటి రంగుల డబ్బా పాతది. అందులో నీలం, ఆకుపచ్చ, గులాబీ, నెమలికంఠం వరుసగా మెరుస్తూ ఉంటాయి. ఒక మూల మాత్రం నాలుగైదు మట్టి రంగులు. ఒకప్పుడు పిల్లలకు ఆ మెరుపులే కావాలి. ఇప్పుడు కాలం మారింది, ముఖానికి ఏమీ వేసుకోనట్టు కనపడాలట. అందుకు కొత్తగా ఒక డబ్బా వచ్చింది, న్యూట్రల్ పాలెట్ అంటారు, మూత తీస్తే మొదటి నుంచి చివరిదాకా అన్నీ మట్టి రంగులే. వచ్చిన ప్రతి పిల్లా ఫోనులో దాన్ని చూపించి, ఇది ఉందా అక్కా అని అడిగేది.

"ఏమీ వేసుకోనట్టు కనపడాలంటే ఏమీ వేసుకోకపోతే సరిపోదూ?" అంది మా ఆవిడ.

అమ్మాయి నవ్వలేదు. ధర చెప్పింది. మా ఆవిడ చేతిలో గరిటె పక్కన పెట్టి, అందులో ముఖం కూడా కలిపి ఇస్తారా అని అడిగింది. అమ్మాయి దగ్గర మిగిలిన డబ్బు సరిగ్గా ఆ డబ్బాకు సరిపోతుంది. అది కొంటే ఇంకేదీ కొనటానికి ఉండదు. అది కొన్నా ముఖాలు ఇలాగే వాడిపోతే ఇక చెయ్యగలిగింది కూడా ఉండదు. పొద్దున కొంటానని లేచేది, మధ్యాహ్నానికి వద్దనుకునేది, దీపాలవేళకు మళ్లీ ఫోనులో దాన్నే చూస్తూ కూర్చునేది. గోళ్లు కొరికి కొరికి వేళ్ల చివర్లు ఎర్రబడ్డాయి.

ఇంతలో లెక్కల టీచరమ్మ కబురు చేసింది. ఆమె కూతురి పెళ్లి వేసవి చివర్లో. పెళ్లికూతురు ఒక్కతే కాదు, ఇంట్లో ఆడవాళ్లందరి ముఖాలూ ఒకరికే ఇవ్వాలని ఆమె లెక్క. అయితే ముందు ఒకసారి కూతురికి వేయించి చూస్తానంది. పరీక్ష పెట్టకుండా ఆమె ఎవరినీ పై తరగతికి పంపదు. ఆ పని నిలబడితే బడిలో ఉన్న టీచర్లందరి ఇళ్లూ మావే. పోతే ఈ గది మూతపడ్డట్టే. రావటానికి వారం పైన గడువిచ్చింది.

ఆ సాయంత్రం అమ్మాయి నా పక్కన అరుగు మీద కూర్చుంది. రేపు దుకాణానికి నాతో రా నాన్నా అంది. "నేను చూస్తే ఒక్కోసారి ఒక్కోలా ఉంది. నువ్వు చూసి చెప్పు. నువ్వు కొనమంటే కొంటా, వద్దంటే ఇక దాని పేరెత్తను."

సరేనన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర సరిగా లేదు.

కంటి సంగతి నాకు బొత్తిగా తెలియదని కాదు. కొన్నాళ్లుగా వీధిదీపాల చుట్టూ ముళ్లు మొలుస్తున్నాయి. ఇంట్లో బల్బులన్నీ మసకగా ఉన్నాయని రోజూ స్టూలెక్కి తుడిచేవాణ్ని. దాన్ని అరగదీస్తావా ఏంటి అని మా ఆవిడ కేకలేసేది. బల్బుదే తప్పనుకున్నాను. బల్బుదే కావాలనుకున్నాను. రంగు మీద బతికినవాడికి కన్ను పోయిందన్న మాట లోపల కూడా అనుకోవటానికి భయం.

దుకాణంలో నాలుగు వైపులా అద్దాలే. అందుకే ఆ దుకాణదారును అందరూ అద్దాలాయన అంటారు. మనిషి మర్యాదస్తుడు. అమ్మాయిని చెల్లెమ్మా అని పిలిచి, నాకు స్టూలు వేసి, డబ్బా మూత తీశాడు. అమ్మాయి ఒక్కొక్క రంగూ వేలితో అద్ది, మోచేతి లోపలి వైపు గీత పక్కన గీత గీసుకుంటూ పోయింది. ఆ పని చేస్తున్నప్పుడు దాని ముఖం చూడాలి. గుడిసె కాలుతున్నా తెలియదన్నంత ధ్యాస.

చెయ్యి నా ముందు పెట్టింది. చూశాను.

రెండు మూడు నల్లటి చారలు కనపడ్డాయి. మిగతా చెయ్యంతా చెయ్యిలాగే ఉంది.

"ఇది ఎర్రవైపు పోతోందా నాన్నా, పసుపువైపా?" ఏదో ఒకచోట వేలు పెట్టి అడిగింది. ఆ వేలి కింద ఏమీ లేదు.

ఇక్కడ వెలుతురు బాగాలేదన్నాను. రంగును దుకాణంలో చూడకూడదు, ఎండలో చూడాలి. అది నేను నేర్పిందే కాబట్టి వెంటనే లేచింది. బయటికి వచ్చాం. మిట్టమధ్యాహ్నం. రోడ్డు కళ్లలో పొడుస్తోంది. చెయ్యి మళ్లీ చాపింది. నేను దగ్గరికి వంగాను, దూరం జరిగాను, తల పక్కకు తిప్పి చూశాను. ఆ రెండు మూడు చారలే. వాటి మధ్యన ఏవో ఉన్నాయి, అవి ఉన్నాయని దాని ముఖంలో కనపడుతోంది, నాకు కనపడటం లేదు. చెమట వీపు మీద కాలవ కట్టింది. అద్దాలాయన గుమ్మంలోకి వచ్చి, ఏమంటారు పెద్దాయనా, మీరు రంగు తెలిసినవారు కదా అన్నాడు.

"అన్నీ ఒకటే" అన్నాను.

"అన్నీనా?" అంది అమ్మాయి.

"అన్నీ ఒకటే. నీ దగ్గర ఉన్నవే. కొనొద్దు."

అది నా వైపు చూసింది. తన చెయ్యి వైపు చూసుకుంది. మళ్లీ నా వైపు చూసింది. చొక్కా చెయ్యి కిందికి లాక్కుని, మళ్లీ వస్తామని అద్దాలాయనతో చెప్పి, రోడ్డు దాటటానికి వచ్చింది. దాటబోయే ముందు నా మోచెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు నేను దాని చెయ్యి పట్టుకుని దాటించేవాణ్ని. పెద్దదయ్యాక ఎవరి దారిన వాళ్లం దాటేవాళ్లం. ఇవాళ పట్టుకుంది. వదలమని చెయ్యి విదిలిద్దామనుకున్నాను. ఒక లారీ పోయింది. విదిలించలేదు.

ఇంటికి వచ్చాక అది ముందుగది గుమ్మంలో నిలబడి గోడను చూస్తూ ఉండిపోయింది. ఆరిందా లేదా అని చూసినట్టు చూసింది.

మర్నాడు పక్కింటి కోడలు కనుబొమలు దిద్దించుకోవటానికి వస్తే, కుర్చీ అరుగు మీదికి లాక్కొచ్చింది. చేత్తో పట్టుకునే అద్దం ఇచ్చింది. కనుబొమలయ్యాక, డబ్బులొద్దు, ఇంకాస్త ఉండు వదినా అని, పాత డబ్బాలోని మట్టి రంగులే కొంచెం కంటి మీద రాసింది. ఆ పిల్ల అద్దంలో చూసుకుని, ఇటు తిప్పుకుని, అటు తిప్పుకుని, అద్దం తిరిగి ఇవ్వటం మర్చిపోయి ఇంటికి తీసుకుపోయింది. ఇక్కడేంటి కూర్చోబెట్టావని అడిగాను. గాలి బాగా వస్తోంది నాన్నా అంది. ఆకు కదలటం లేదు.

ఆ రోజే తల్లీకూతుళ్లు పెరట్లో గుసగుసలాడుకున్నారు. మా ఆవిడ గుసగుస వీధి మలుపుదాకా వినపడుతుంది, కానీ ఆ రోజు నా దాకా రాలేదు. సాయంత్రానికి ముందుగదిలో గోడకు అడ్డంగా తాడు కట్టి, తెల్ల దుప్పట్లు వేలాడదీశారు. ఎందుకని అడిగితే, ఫోటోలు తీసుకోవటానికి, ఇప్పుడందరూ ఇలాగే కడుతున్నారని చెప్పారు. ఇద్దరూ ఒకే మాట, ఒకే గొంతుతో చెప్పారు. ఆ ఇద్దరికీ ఒక మాట కుదరటం ఎప్పుడూ లేదు.

నాకు దిగులు పట్టుకుంది. గోడ పొక్కిందనుకున్నాను. గోడ నున్నన చేసే లప్పం సరిగా ఆరకముందే రంగు వేశానేమో, పెచ్చులూడి ఉంటుంది, నాకు తెలిస్తే బాధపడతానని కప్పేశారు. టీచరమ్మ వచ్చేటప్పటికి దాన్ని చెక్కి సరిచేద్దాం, వీళ్లకు చెప్పకుండానే చేద్దాం అనుకున్నాను. ఎవరూ లేనప్పుడు గదిలోకి వెళ్లి దుప్పటి అంచు పట్టుకుని పక్కకు జరిపాను.

పొక్కు లేదు. చెమ్మ లేదు. అరచేత్తో మొత్తం తడిమాను. నా జన్మలో అంత నున్నగా తేలిన గోడలు తక్కువ. నిమ్మళించి, దుప్పటి వదిలేసి తిరగబోయాను. అప్పుడు ఆ రెండూ పక్కపక్కన కనపడ్డాయి.

దుప్పటి మీగడ రంగులో ఉంది. నేను గోడకు వేద్దామనుకున్న రంగు, అచ్చం అదే. దాని పక్కన గోడ ఇంకా ముదురుగా, మిగలపండిన అరటితొక్కలా ఉంది.

ఆ దుప్పటి మాకు ఉన్నవాటిలో మంచిది. నీలిమందు పెట్టి ఉతికి, వీధిలో ఎవరి తీగ మీదా అంత తెల్లది లేదని మా ఆవిడ పొంగిపోతుంది.

వంటింట్లోకి వెళ్లాను. ఆమె అటు తిరిగి గిన్నెలు తోముతోంది.

"ముందుగదిలో దుప్పటి ఏ రంగే?"

గిన్నె చప్పుడు ఆగింది. ఆమె తిరగలేదు.

"తెలుపు" అంది.

మా ఆవిడ ఒక్క మాట అని ఊరుకోవటం పెళ్లయిన దగ్గర్నుంచి నేను వినలేదు. పెరటి గుమ్మంలో కూర్చున్నాను. వేసవి మొదలైన దగ్గర్నుంచి ఆ గదిలోంచి వాడిపోయి బయటికి వచ్చిన ముఖాలన్నీ ఒక్కొక్కటే నా ముందు నుంచి మళ్లీ నడిచిపోయాయి. జ్వరం వాళ్లకు కాదు. గోడ పసుపు అద్దంలోకీ, అద్దంలోంచి బుగ్గల మీదికీ పడుతూ వచ్చింది. అమ్మాయి పొడులను తప్పుబట్టుకుంది, చేతిని తప్పుబట్టుకుంది, నాన్న వేసిన గోడను తప్పుపట్టటం మాత్రం దానికి తట్టలేదు. తట్టినా నోరు రాలేదు. ఆరనీ అన్నాను కదా. ఆరుతుందని చూస్తూ ఉంది.

టీచరమ్మ రావటానికి ఇంక రెండు రోజులే ఉంది. అమ్మాయి బజారు నుంచి వచ్చాక, దుప్పట్లు తీసెయ్యి, గోడ మారుద్దాం అన్నాను. అది తల్లి వైపు చూసింది. తల్లి పైకప్పు వైపు చూసింది. ఇప్పుడెందుకులే నాన్నా, దుప్పటి బాగానే ఉందిగా అని నసిగింది. గాలికి అది లేచినప్పుడల్లా టీచరమ్మ కంట్లో ఏం పడుతుందో నీకూ తెలుసు అన్నాను.

పాత కుంచె తీసి దులిపాను.

"రంగు నువ్వు కలుపు. పూత నేను వేస్తా."

అది గొంతు సవరించుకుంది. వెళ్లి బకెట్టు తెచ్చింది.

కొత్త తెలుపులో ఏదో నల్లటిది సూది మొన మీద నిలిచేటంత వేసి కలిపింది. కలిపి, వేలు ముంచి, కంటి రంగులు చూసుకున్నట్టే మణికట్టు మీద గీత గీసుకుంది. తడి మీద చూడొద్దు అనబోయాను. అప్పటికే దాని మీద ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటోంది, ఆరటానికి.

"ఏం రంగది?" అని అడిగాను.

"ఏమీ వేయనట్టుండే రంగు నాన్నా."

మా ఆవిడ పక్కకు తిరిగి నవ్వు ఆపుకుంది. కింది సగం నేను వేశాను, నిచ్చెన మీది సగం అది వేసింది. పాత పసుపు మొండిది, ఒక పూతకు లొంగలేదు. రెండో పూత వేసి కిటికీలన్నీ బార్లా తెరిచి, ఇక ముగ్గురం ఆ గోడను చూస్తూ కూర్చున్నాం. ఎవరూ నోరు విప్పలేదు. మర్నాడు ఆరింది. ఈసారి ముందు నేను మాట్లాడలేదు. అది పొద్దున చూసింది, మధ్యాహ్నం చూసింది, దీపం వేసి చూసింది. సరిపోయింది అని మాత్రం అంది.

డబ్బా మాట మళ్లీ వచ్చింది ఆ దీపం కిందే. టీచరమ్మ కూతురు కొత్త డబ్బా గురించి అడిగితే ఏం చెప్పాలి, పొద్దున్నే పరుగెత్తి కొనుక్కొస్తే మంచిదేమో అని మొదలుపెట్టింది. నేను ఒకటే అని చెప్పింది ఏ కంటితో చెప్పానో దానికి ఇప్పుడు తెలుసు. కాబట్టి ఆ తీర్పు చెల్లదు. అయినా చెల్లదని నా ముఖం మీద అనలేక నలిగిపోయింది.

కొనకుండానే తెల్లారింది.

టీచరమ్మ రంగు వాసనకు ముక్కు మూసుకుంటూ వచ్చింది. కూతురు వెనక వచ్చింది, నెమ్మదైన పిల్ల. నేను అరుగు మీద తలుపుకు ఆనుకుని కూర్చున్నాను. మా ఆవిడ తలుపు వెనక నిలబడింది. అమ్మాయి పాత డబ్బా మూలన ఉన్న నాలుగు మట్టి రంగులనూ చిన్న పళ్లెంలోకి గీరి, ఒకదాన్ని ఇంకొకదానితో కలుపుతూ, మణికట్టు మీద గీసుకుంటూ, లేనిది తయారు చేసుకుంటూ పోయింది. దాని చేతిలో చిన్న కుంచె ఆడటం నాకు వినపడదు కదా, అయినా వింటూనే కూర్చున్నాను. చాలాసేపటికి కుర్చీ కిర్రుమని అద్దం వైపు తిరిగింది.

టీచరమ్మ కళ్లజోడు సవరించుకుని దగ్గరికి వెళ్లింది.

"ఏమీ వేసినట్టే లేదే" అంది.

మా ఆవిడ నా భుజం పట్టుకుంది. గోళ్లు దిగాయి.

"అదేనమ్మా నేను అడిగింది" అంది పెళ్లికూతురు అద్దంలోంచి కళ్లు తీయకుండా.

టీచరమ్మ ఇంకో రెండు సార్లు ఆ ముఖం చుట్టూ తిరిగింది. తర్వాత తనకూ, చెల్లెలికీ, ఆడపడుచుకూ ఎప్పుడు రావాలో చెప్పమంది. వాళ్లు వీధి మలుపు తిరిగాక అమ్మాయి కుర్చీలో తనే కూలబడి, చేతులు వొళ్లో పెట్టుకుని, గొంతు సవరించుకోవటం కూడా మర్చిపోయింది.

పెళ్లి జరిగింది. ఆ పెళ్లిలో చూసినవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చారు. వాళ్లను చూసి ఇంకొందరు. గది నిలబడిందని మేమెవరం పైకి అనలేదు. తడిగా ఉన్నప్పుడు అనకూడదు.

ఆ పెళ్లికి ముందే నన్ను కంటి ఆసుపత్రికి తీసుకుపోయింది అమ్మాయి. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయన్నారు. ముందు ఒకటి తీసి, కొన్ని వారాలాగి రెండోది తీస్తామన్నారు. కుడికంటిది తీయించుకున్నాను. కత్తి కింద పడుకోవటం ఎలా ఉంటుందో చెప్పను. లేచి రావటమే పెద్ద సంగతి అనుకున్నాను. రెండోదాని మాటెత్తితే, చూద్దాం, చూద్దాం అంటూ జరుపుతూ వచ్చాను. ఒక కన్ను చాలదా ఇంట్లో కూర్చునేవాడికి.

మొదటి వాన పడ్డ వారం ఫ్యాక్టరీ సూపర్‌వైజరు మనిషిని పంపాడు. అమ్మాయి వాకిట్లోనే నిలబడి, ఆ మిషను ఎవరికైనా ఇచ్చెయ్యమని చెప్పి పంపేసింది. లోపలికి వచ్చి, దుకాణానికి పోదాం రా నాన్నా, ఇంకోసారి చూద్దాం అంది.

అద్దాలాయన మళ్లీ స్టూలు వేశాడు. అమ్మాయి మళ్లీ మోచేతి మీద గీతలు గీసింది. ఈసారి కనపడ్డాయి. ఇటుక పొడి ఉంది, ఎండుటాకు ఉంది, కాల్చని కుండ, కాల్చిన కుండ, తడిసిన ఇసుక, పావురం రెక్క. నా చేతుల మీదుగా పోయిన రంగులే అన్నీ. ఎన్నాళ్లో అయింది చూసి. కుడికన్ను మూశాను. అన్నీ పోయి బురద. తెరిచాను. మళ్లీ వచ్చాయి. మూసి తెరుస్తూ, తెరిచి మూస్తూ ఉంటే అద్దాలాయన ఎవరికి కన్ను కొడుతున్నానో అని వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

"ఏ కంటి మాట వినమంటావు నాన్నా?" అంది అమ్మాయి నవ్వు ఆపుకుంటూ.

ఇక్కడ కాదన్నాను. ఎక్కడ వాడతావో అక్కడ చూడాలి, గోడ దగ్గర. డబ్బు కట్టందే అద్దాలాయన డబ్బా ఇవ్వడు కదా. చేతి మీది గీతలైతే మనవే. అలాగే బయలుదేరాం. దారిలో చినుకులు మొదలయ్యాయి. అది చెయ్యి ముందుకు చాపుకుని, తగలకుండా, విరిగిన చేతిని మోసుకుపోతున్నట్టు నడిచింది. నేను గొడుగు దాని చెయ్యి మీదే పట్టాను. మా ఇద్దరి తలలూ తడిసిపోయాయి. రోడ్డు దగ్గర నా మోచెయ్యి పట్టుకోవటానికి దానికి చెయ్యి ఖాళీ లేదు. నేనే దాని మోచెయ్యి పట్టుకుని దాటించాను.

మా ఆవిడ మమ్మల్ని గుమ్మంలో చూసి, చేతికి గొడుగు పట్టి తలలు తడుపుకున్నవాళ్లను ఇప్పుడే చూస్తున్నానని, తుడుచుకోవటానికి పాతబట్ట విసిరింది. అమ్మాయి తుడుచుకోలేదు. ముందుగదిలోకి వెళ్లి దీపం వేసి చేతిని గోడకు ఆనించింది. ఏమీ వేయనట్టున్న గోడ మీద ఆ గీతలు ఒక్కొక్కటీ ఎక్కడిదక్కడ నిలబడ్డాయి. అది నా వైపు తిరిగి ఎదురుచూసింది. మా ఆవిడ కూడా నా వైపే చూసింది.

"నువ్వు చెప్పు" అన్నాను.

పాత డబ్బా తెరిచి గోడ కిందికి తెచ్చి, గీతలనూ మూలనున్న ముక్కలనూ మార్చి మార్చి చూసుకుంది.

"వద్దు నాన్నా" అంది. "ఇవన్నీ నేను కలుపుకోగలను. నాకు కుదరనిది ఈ చివరిది ఒక్కటే. అది విడిగా దొరికితే తీసుకుంటా, ఒక్కదాని కోసం డబ్బా వద్దు."

పావురం రెక్క. కుడికంటికి నాకూ అదే అనిపించింది. ఆ మాట దానికి చెప్పలేదు. ఎడమకంటితో చూశాను. బురద చెయ్యి, బురద గోడ, బురద ముఖాలు రెండు.

రెండో కంటికి ఎప్పుడు రమ్మన్నారో కనుక్కోమన్నాను.